అంత్యకాలమున అడుగవలసిన ప్రశ్న

యక్షుడు ధర్మరాజును అడిగిన ప్రశ్నలలో ఆశ్చర్యమేది యనునది యొకటి. దినదినమును ప్రాణులు యమలోకమునకు పోవుట కన్నులార చూచుచు, మిగిలినవారు తాము మాత్రము నిలిచియుందుమని తలంచుటను మించిన ఆశ్చర్యము లేదని ధర్మరాజు బదులు చెప్పెను. ఈ కథ వినని తెలుగు కుటుంబము అరుదు. అయినను ఆ సమాధానము ఎదుటివారిని గూర్చి చెప్పినదే యనుకొని ప్రతివాడును వినుచుండును. వైద్యుడు పరీక్షల కాగితములు చూచి, రోగిని లోపలనే కూర్చుండబెట్టి, పెద్దకుమారుని మాత్రము వసారాలోనికి పిలిచి మెల్లగా మాటలాడిన నాడు ఆ భ్రాంతి ఆ యింట విడిపోవును.

ఆనాటినుండి అక్కడ నొక నాటకము మొదలగును. కుమారునకు తెలియును, కోడలికి తెలియును, చూడవచ్చిన బంధువులకు వాకిటనే చెవిలో చెప్పుదురు. రోగి మంచము కడకు చేరునప్పటికి అందరి ముఖములును వికసించును. పదిదినములలో లేచి తిరుగుదురని ఒకరు, వచ్చే వైశాఖమున అందరము కలిసి కొండకు పోవుదమని మరియొకరు చెప్పుదురు. రోగి వారి మాటలు వినును, వారి కన్నులును చూచును. తనకు తెలిసిపోయినదని చెప్పినచో వీరు నొచ్చుకొందురని తానును ఊరకుండును. ఇదంతయు ప్రేమతోనే జరుగుచున్నది, సందేహము లేదు. కాని జన్మమంతటిలోను పెద్దపని చేయవలసిన ఆ కొద్దిదినములు ఈ నాటకముతోనే కరిగిపోవుచున్నవి. మందులకు లొంగని వ్యాధి యని తెలిసిన దినము మొదలు కడపటి ఊపిరి వరకు గల ఆ కాలమును గూర్చి మహాకవులు ఊరకుండలేదు.

కాళిదాస మహాకవి రఘువంశమును దిలీపునితో ఆరంభించి అగ్నివర్ణునితో ముగించెను. 19 సర్గల ఆ కావ్యములో మొదటి సర్గలు పాఠశాలలలో కంఠస్థము చేయింతురు. కడపటి సర్గ శృంగార బాహుళ్యముచే బాలురకు చెప్పదగినది కాదని గురువులు విడిచిపెట్టుదురు. అది ఉచితమే. ఆ సర్గలోని చివరి 10 శ్లోకములు మాత్రము ప్రతి గృహస్థుడును తెలియదగినవి.

సుదర్శనుని కుమారుడైన అగ్నివర్ణుడు రాజ్యభారము మంత్రులపై వైచి అంతఃపురము వెడలి రాకుండెను. ప్రజలు రాజును చూడవలెనని పట్టుపట్టినపుడు, మంత్రుల మాట కాదనలేక, కిటికీలోనుండి ఒక పాదము వెలుపలికి చాచి చూపెడివాడట. అట్టివానిని రాజయక్ష్మ పట్టినది. వైద్యులు కూడదన్నవి ఆతడు మానలేదు. ముఖము పాలిపోయినది, ఆభరణములు బరువైనవి, కంఠస్వరము తగ్గినది, ఊతలేక నడువలేకపోయెను. అప్పుడు మంత్రులేమి చేసిరి? రాజేడీ యని శంకించు ప్రజలతో, సంతానముకొరకై ప్రభువు నిత్యము ఒక కర్మ చేయుచున్నాడని చెప్పిరి. రాజు మరణించిన పిమ్మటను సత్యము వెలుపలికి రానీయలేదు. రోగశాంతి చేయుచున్నామను నెపమున, అంత్యేష్టి తెలిసిన పురోహితుని మాత్రము పిలిచి, అంతఃపురపు ఉద్యానవనములోనే రహస్యముగా దహనము చేసిరి. గర్భవతియైన రాణిని సింహాసనమున నిలిపిరి. సూర్యవంశపు మహాకావ్యము అక్కడ ముగిసినది. దిలీపుడు, రఘువు వృద్ధాప్యమున అందరు చూచుచుండగా రాజ్యమును కుమారుల కప్పగించి వెడలిన వంశములో, కడపటివాని చితి తోటలో చాటుగా రగిలినది.

అగ్నివర్ణుడు వ్యసనముచే రోగము తెచ్చుకొనెను, నియమముగా బ్రతికిన గృహస్థునకు ఆతనితో పోలిక యేల యని అడుగవచ్చును. రోగము సజ్జనునకును వచ్చును, దుర్జనునకును వచ్చును. ఎవరికి వచ్చిన దానినిబట్టి వారి పాపపుణ్యముల లెక్క కట్టుట పండితులకును తగని పని. ఇక్కడ చూడవలసినది వేరొకటి. ఆ 10 శ్లోకములలో రాజు నోట ఒక్క మాటయు లేదు. మంత్రులు మాటలాడుదురు, ప్రజలు శంకింతురు. చనిపోవుచున్నవానిని మాత్రము ఎవరును ఏమియు అడుగలేదు. ఆతడును ఎవరినీ ఏమియు అడుగలేదు. ఆతని మరణము ఆతనిది కాక మంత్రులు నడపిన రాజకార్యమైనది. గదితలుపులు మూసి, ఫోనులలో గుసగుసలాడి, రోగి కప్పజెప్పని మాటలతో కాలక్షేపము చేయు నేటి గృహములలో జరుగునది కొంత తక్కువగా ఇదియే గదా.

ఈ సంగతినే వేరొక దేశములో, వేరొక మతములో పుట్టిన ఒక మహారచయితయు పట్టుకొనెను. రష్యా దేశపు టాల్‌స్టాయ్ 1886లో ప్రకటించిన ‘ఇవాన్ ఇల్యీచ్ మరణము’ అను పెద్దకథ అది. అన్యదేశపు కథ యని దానిని త్రోసివేయ నక్కరలేదు. ఇవాన్ ఇల్యీచ్ న్యాయస్థానములో ఉద్యోగి. క్రొత్త యింటికి తెరలు కట్టించుచు నిచ్చెనపైనుండి జారి ప్రక్కకు దెబ్బ తగిలించుకొనును. కొంతకాలమునకు అక్కడ నొప్పి మొదలై పెరుగును. వైద్యులు ఇది మూత్రపిండమా, ప్రేగా యని తర్కించుచుందురు గాని, బ్రతుకుదునా లేదా యను ఆతని ఒక్క ప్రశ్నకు బదులీయరు. తాను న్యాయపీఠమున కూర్చుండి ముద్దాయిలయెడ చూపిన గంభీరమైన ముఖమునే వైద్యుడు తనయెడ చూపుచున్నాడని ఆతనికి తోచును. మనుష్యులందరు మర్త్యులను తర్కసూత్రము ఆతడు బాల్యమున చదివినదే. అది ఎవరో పుస్తకములోని మనుష్యునకు చెల్లును గాని తనకు చెల్లదని ఆతడు లోలోపల నమ్మియుండెను. యక్షప్రశ్నకు ఇంతకంటె స్పష్టమైన వ్యాఖ్యానము ఆ దేశములో మరెవరు వ్రాయగలరు?

ఆ రోగిని నొప్పికంటె ఎక్కువగా బాధించినది చుట్టునున్నవారి అబద్ధము. చనిపోవుచున్నవానిని, కొంచెము నలతగా నున్నదన్నట్లు అందరును చూచుచుండిరి. గెరాసిమ్ అను పల్లెటూరి పనివాడొక్కడు మాత్రము నటింపలేదు. రోగి కాళ్లు పైకెత్తి పట్టుకొనిన నొప్పి కొంత ఉపశమించుచున్నదని, ఆ యువకుడు వానిని తన భుజములపై నుంచుకొని రాత్రులు కూర్చుండెడివాడు. శ్రమ యెందుకని యజమాని అడిగినపుడు, అందరమును పోవలసినవారమే, ఈ కొంచెము చేయుటకేమి యను భావము వచ్చునట్లు సహజముగా పలికెను. ఆ మాట విని రోగి భయపడలేదు, ఊరట చెందెను. కడపటి మూడుదినములు ఆతడు కేకలు వేయుచునే గడపెను. ప్రాణము పోవుటకు కొంచెము ముందు, చిన్న కుమారుడు ఆతని చేతిని పట్టి ముద్దుపెట్టుకొని ఏడ్చినపుడు, అంతవరకు తనకొరకు దుఃఖించిన మనస్సు మొదటిసారి ఎదుటివారికొరకు దుఃఖించినది. క్షమింపుమని చెప్పబోయి నాలుక తడబడి వేరొక మాట పలికెను. దిద్దుకొనుటకు శక్తి లేదు. తెలియవలసినవానికి తెలియునని చేయి విదల్చి ఊరకుండెను. ఈ కడపటి సంగతి జ్ఞాపకముంచుకొనదగినది. మరల దానితో పనిపడును.

సత్యము చెప్పుట యనగా రోగి మొగమున విసరుట కాదు. మన గ్రంథములలో ఇందుకు మంచి మర్యాద కనబడుచున్నది. ఖట్వాంగ మహారాజు దేవతల పక్షమున రాక్షసులతో యుద్ధము చేసి గెలిపించెను. వరము కోరుకొమ్మని దేవతలు అడిగినపుడు, నా ఆయువెంత మిగిలియున్నదని ఆయన అడిగెను. ఒక ముహూర్తమని వారు చెప్పిరి. ముహూర్తమనగా 48 నిమిషములు. ఉపకారము చేసినవానికి ఇంతటి కఠినవార్త యెట్లు చెప్పుదుమని దేవతలు మాట దాచలేదు. ఆయన అడిగెను, కనుక చెప్పిరి. ఖట్వాంగుడు వెంటనే తన నగరమునకు వచ్చి, సమస్తమును విడిచి హరిని శరణుజొచ్చెను. అడిగినవానికి అబద్ధము చెప్పరాదు. అడుగనివానిని తరిమి చెప్పవలసిన పనియు లేదు. ఈ రెంటి నడుమ నున్న మెలకువ రోగిని ప్రేమించువారికే తెలియవలెను.

పరీక్షిన్మహారాజు చరిత్రలో ఈ విషయము మరింత విపులముగా నున్నది. ఆ చరిత్రము రెండు రీతులుగా చెప్పబడినదని చాలమంది గమనింపరు. మహాభారతము ఆదిపర్వములో, శృంగి శాపమిచ్చిన పిమ్మట, తండ్రియైన శమీకముని పశ్చాత్తాపముతో గౌరముఖుడను శిష్యుని రాజుకడకు పంపును. ముందుగా కుశలమడిగి పిదప విషయము చెప్పుమని శిష్యునకు బోధించి మరీ పంపును. గౌరముఖుడు రాజు చేసిన పూజను అందుకొని, బడలిక తీర్చుకొని, మంత్రులు ప్రక్కనుండగా శాపమంతయు విడువక చెప్పెను. వార్త చెప్పవలసినవారు నేర్చుకొనదగిన పద్ధతి ఇది: తొందర లేదు, దాపరికము లేదు, వినువాడు ఒంటరిగా లేడు.

అప్పుడు భారతములోని పరీక్షిత్తు ఒంటిస్తంభపు మేడ కట్టించుకొనెను. వైద్యులను, మందులను, మంత్రసిద్ధులను చుట్టును నిలిపి, గాలియు చొరకుండ కాపుదల పెట్టించెను. విషము దింపగల కాశ్యపుడను బ్రాహ్మణుడు బయలుదేరగా తక్షకుడు త్రోవలో అడ్డగించి ధనమిచ్చి మరలించెను. 7వ నాటి సాయంకాలము తాపసవేషములతో వచ్చిన నాగులు ఇచ్చిన పండ్లలో ఒకదానిలో ఎఱ్ఱని చిన్న పురుగు కనబడినది. ప్రొద్దు క్రుంకుచున్నది, ఇక భయము లేదని రాజు నవ్వి, ఆ పురుగును మెడపై ఉంచుకొనెను. అదియే తక్షకుడు. ప్రాణరక్షణకు ప్రయత్నించుట దోషము కాదు. కంఠమున ప్రాణమున్నంతవరకు వైద్యము చేయవలెననుట పెద్దల మాట. అయినను ఆ 7 దినములలో రాజు ఆ కాపుదల నడుమనే యుండి రాజకార్యములు నడపెనని మాత్రమే భారతము మనకు చెప్పును.

భాగవతములో అదే రాజునకు అదే శాపము, అదే గడువు. ఇక్కడ మేడ లేదు. శాపవార్త వినగానే, ముని మెడలో చచ్చిన పామును వేసిన తన తప్పునకు తగిన ప్రాయశ్చిత్తము దొరకినదని రాజు తలంచెను. రాజ్యమును కుమారునకు అప్పగించి, గంగ దక్షిణతీరమున దర్భాసనముపై ఉత్తరముఖముగా కూర్చుండెను. తక్షకుడు కరచిన కరచుగాక, మీరు విష్ణుకథలు గానము చేయుడని వచ్చిన మునులను వేడుకొనెను. ఇంతలో పదునారేండ్ల అవధూత, శుకయోగి, అక్కడికి వచ్చెను. రాజు ఆయనను అడిగిన ప్రశ్న నుండియే ద్వాదశ స్కంధముల గ్రంథము ప్రవహించినది: మరణము సమీపించిన మనుష్యుడు ఏమి వినవలెను, ఏమి జపింపవలెను, ఏమి చేయవలెను, ఎవరిని స్మరింపవలెను?

ఈ ప్రశ్నలో లేనిదేమిటో చూడవలెను. ఈ శాపము నాకేల వచ్చినదని రాజు అడుగలేదు. బాలుడైన మునికుమారుడు ఇంతటి శిక్ష విధించుట న్యాయమా యని అడుగలేదు. తప్పించుకొను ఉపాయమున్నదా యనియు అడుగలేదు. ఏలయను ప్రశ్నకు రోగి మంచము కడ సమాధానము దొరకదు. కొందరు బంధువులు పూర్వజన్మ కర్మమని సమాధానము చెప్పబోవుదురు, అది రోగిని మరింత క్రుంగదీయును. ఏమి చేయవలెనను ప్రశ్నకు మాత్రము సమాధానమున్నది. గోవును పితికినంత సేపు కూడ గృహస్థుల వాకిట నిలువని శుకుడు ఆ ప్రశ్న వినిన పిమ్మట 7 దినములు కదలక కూర్చుండెను. నీవు చనిపోవవని ఆయన ఓదార్చలేదు. ఖట్వాంగునకు ఒక్క ముహూర్తమే దొరకినది, నీకు 7 దినములున్నవి యని చెప్పెను. నయము కాదని తెలిసిన రోగికి వైద్యులు నెలలు చెప్పుదురు, ఒక్కొక్కప్పుడు సంవత్సరమును చెప్పుదురు. శుకుని లెక్కలో అది తక్కువ కాలము కాదు.

ఇందులో మరియొక విశేషము కలదు. పరీక్షిత్తు మొదట తప్పుచేసినది ఎందువలన? వేటలో అలసి, ఆకలిదప్పులకు ఓర్వలేక, ధ్యానములోనున్న మునిని నీళ్లడిగి, బదులు రాకపోగా కోపించుటవలన. దశమస్కంధము ఆరంభమున అదే రాజు శుకునితో, నీటినికూడ విడిచిన నన్ను ఈ దుస్సహమైన ఆకలి బాధింపుట లేదు, నీ ముఖమునుండి జాలువారు హరికథామృతమును త్రాగుచున్నాను గనుక అని చెప్పును. ఏ దప్పి ఆతనిని పడవేసినదో ఆ దప్పియే ఆతనిని ఇప్పుడు తాకలేదు. దేహబాధ లేదని ఆయన అనలేదు; దానికంటె పెద్దదొకటి వినుచున్నానని చెప్పెను. రోగి ప్రక్కన కూర్చుండి గజేంద్రమోక్షమో, రుక్మిణీకల్యాణమో, ఆ రోగికి బాల్యమునుండి ప్రియమైన ఘట్టమేదో పోతన పద్యములలో మెల్లగా చదివిపెట్టుట ఇందుచేతనే మంచిది. వైద్యవృత్తాంతములు, ఆస్పత్రి లెక్కలు ఆ గదిలో తగ్గిన కొలదిని మేలు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరము. పరీక్షిత్తు ప్రాయోపవేశము ఆ కాలపు రాజునకు, శాపగ్రస్తునకు, మునుల సన్నిధిలో జరిగినది. అది విని ఏ రోగియు మందులు, ఆహారము మానరాదు. నొప్పికి మందు తీసికొనుట భక్తికి లోపము కాదు. నొప్పితో మెలికలు తిరుగుచున్న దేహమున మనస్సు నిలుచుట యోగులకును కష్టమే. నయము చేయలేని రోగమునకు బాధానివారణ మాత్రము చూచు వైద్యము నేడు ప్రత్యేకశాస్త్రముగా నున్నది. దానిని ఆశ్రయించుట ప్రాణము మీది ఆశ వదలుకొనుట యని భయపడ నక్కరలేదు.

ధైర్యముగా మరణించుట యనగా కన్నీరు లేకుండుట యని కొందరు తలంతురు. కాళిదాసు అట్లు తలంపలేదు. ఖట్వాంగుని ముని మనుమడు రఘుకుమారుడైన అజుడని భాగవతపు వంశక్రమము చెప్పుచున్నది. ఆ అజుని కథ రఘువంశము అష్టమసర్గలో నున్నది. నారదుని వీణనుండి జారిన దివ్యపుష్పమాల తగిలి ఇందుమతి మరణించినది. అజుడు విలపించెను. దేహధారులకు మరణమే ప్రకృతి, జీవనము దాని వికారము మాత్రమేనని వసిష్ఠుడు శిష్యునిచే చెప్పి పంపెను. ఎంతటి గురువాక్యమది! అయినను శోకముతో నిండిన ఆ హృదయములో దానికి చోటు దొరకక, అది మరలి గురువు కడకే పోయినట్లైనదట. కవి ఇందుకు అజుని నిందింపలేదు.

దశరథుడు బాలుడు. ఆ బిడ్డకొరకు అజుడు 8 సంవత్సరములు గడపెను. భార్య చిత్తరువులు చూచుకొనుచు, స్వప్నములలో ఆమెను కలిసికొనుచు, రాజ్యము మాత్రము నిర్వహించెను. మేడగోడను జువ్విమొలక చీల్చినట్లు శోకము లోలోపల ఆయన హృదయమును చీల్చినది. పాతగోపురముల పగుళ్లలో జువ్వి, రావి మొక్కలు మొలచుట చూచినవారికి ఈ పోలిక విడమరచి చెప్పనక్కరలేదు. మొలక చిన్నది, రాయి కదలుచున్నది. పిమ్మట వైద్యులకు అసాధ్యమైన రోగము వచ్చెను. ప్రియురాలిని అనుసరింప త్వరపెట్టుచున్నది గనుక దానిని ఆయన లాభముగానే యెంచెనని కవి చెప్పెను. ఈ మాటను పట్టుకొని అజుడు చావును కోరెనని కొందరందురు. 8 సంవత్సరములు నిలిచిన సంగతి వారు మరచుచున్నారు. కుమారుడు ప్రజలను పాలింపగలవాడైన పిమ్మటనే, విధిగా రాజ్యమప్పగించి, గంగాసరయూ సంగమమున దేహము విడిచెను. వంశమొకటే, కవి యొకడే, వైద్యము చేయలేని రోగమే ఇద్దరికిని. అగ్నివర్ణునకు దక్కనిది అజునకు దక్కినది: తన పనులు తానే ముగించు అవకాశము. ఎవరికి ఏమి ఇవ్వవలెను, ఎవరిని క్షమాపణ అడుగవలెను, ఎవరితో చాలకాలముగా మాటలు లేవు, ఏ క్షేత్రపు మ్రొక్కు మిగిలినది, ఇవన్నియు రోగియే చెప్పవలసినవి. చెప్పనిచ్చువారు కావలెను.

ఇంతవరకు తెలివితో నున్నవారి సంగతి. కాని పరీక్షిత్తువలె కూర్చుండి వినగలవారు ఎందరు? పక్షవాతము వచ్చి ఒక్క క్షణములో మాట పడిపోయినవారు, జ్వరతీవ్రతలో ఇంటివారినే గుర్తింపనివారు, ఆస్పత్రిలో గొట్టముల నడుమ స్పృహ లేక పడియున్నవారు, ముసలితనమున జ్ఞాపకమే పోయి తమ పేరు తామెరుగనివారు ఎందరో కలరు. ఆ గదులలోనికి తులసితీర్థమును తీసికొని పోనీయరు. చెవిలో నామము చెప్పుటకు కుమారునకు అనుమతి దొరకదు. అట్టి మరణము జరిగిన పిమ్మట సంవత్సరముల తరబడి, చివరి క్షణమున నాన్నగారు నారాయణ యనలేదు గదా యని కుమిలిపోవు బిడ్డలున్నారు. అంత్యకాలమున ఏది స్మరింతురో దానినే పొందుదురని గీతాచార్యుడు చెప్పెనని, లేడిని తలంచి లేడియైన జడభరతుని కథ యున్నదని వారికి తెలియును. తెలియుటచేతనే ఆ దుఃఖము. ఇది చిన్న దుఃఖము కాదు. దానికి పూర్వాచార్యులు సమాధానము చెప్పియే యున్నారు.

పెరియాళ్వారు శ్రీరంగనాథుని యెదుట ఈ భయమునే విన్నవించుకొనెను. ఆయాసముతో అవయవములు సడలిన వేళ నిన్ను తలపజాలను గనుక, అప్పటికి కావలసినదానిని ఇప్పుడే చెప్పి యుంచుచున్నానని ఆయన పాశురపు తాత్పర్యము. ధర్మపురి నరసింహుని సేవించిన శేషప్పకవి తన శతకములో ఈ భావమునే తెలుగున చెప్పెను; ఆ పద్యము రానివారు పల్లెటూళ్లలో నిన్నమొన్నటివరకు తక్కువ. తిరుక్కచ్చినంబి ద్వారా కాంచీపుర వరదరాజస్వామి భగవద్రామానుజులకు అనుగ్రహించిన 6 వాక్యములలో, శరణాగతునకు అంతిమస్మృతి నియమము లేదనునది యొకటి యని గురుపరంపర చెప్పుచున్నది. భక్తియోగము సాగించువాడు కడపటి తలంపును తానే నిలుపుకొనవలెను. శరణుజొచ్చినవాని కడపటి తలంపు స్వామి బాధ్యత.

దీనికి మూలము వరాహచరమశ్లోకము. తిరుమల యాత్రికులు స్వామిపుష్కరిణి ఒడ్డున ఆదివరాహస్వామిని ముందుగా సేవించి పిమ్మట శ్రీనివాసుని సన్నిధికి పోవుట ఆచారము. ఆ స్వామి భూదేవికి చెప్పిన రెండు శ్లోకములను శ్రీవైష్ణవులు చరమశ్లోకముగా అనుసంధింతురు. వేదాంతదేశికులు రహస్యశిఖామణి యను గ్రంథములో దానిని వివరించిరి. మనస్సు నిలుకడగా, దేహము స్వస్థముగా, ధాతువులు సమముగా నున్న కాలమున ఎవడు విశ్వరూపుడను, జన్మరహితుడను అగు నన్ను తలంచునో, వాడు పిమ్మట కట్టెవలె, రాతివలె పడియుండి మరణించువేళ నేనే వానిని తలంచి పరమగతికి చేర్చుదునని దాని తాత్పర్యము. కట్టె, రాయి యను ఆ రెండు పోలికలను స్వామియే యేరుకొనెను. స్పృహ లేని రోగి ఎట్లుండునో ఆయనకు తెలియనిది కాదు.

వ్యాకరణము తెలిసినవారు ఆ శ్లోకములలో ఒక సంగతి కనుగొందురు. మొదటి భాగములో కర్త మనుష్యుడు. తలంచువాడు అతడే, ప్రథమావిభక్తిలో నున్నాడు. షరతులన్నియు ఆ ఆరోగ్యకాలమునకే చెప్పబడినవి. రెండవ భాగమునకు వచ్చునప్పటికి మరణించుచున్నవానికి చేయవలసిన క్రియ ఒక్కటియు చెప్పలేదు. అక్కడ క్రియలు రెండు, తలంచుట, తీసికొనిపోవుట. రెండును ఉత్తమపురుషలో నున్నవి, రెండింటికిని కర్త భగవంతుడు. భక్తుడు ద్వితీయావిభక్తిలోనికి మారియున్నాడు.